రిపోర్టులో టెస్టోస్టిరాన్ తక్కువొచ్చింది, ఇంజెక్షన్ మొదలుపెట్టేయమంటారా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం మగవాళ్ల హార్మోను గురించే ఉన్నాయి. అన్నిటికీ విడివిడిగా రాయడం కుదరదు కాబట్టి, నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ జవాబిస్తున్నా. పేర్లు, ఊళ్లు తీసేశాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. ఏడాదిగా ఒకటే నీరసం, ఆఫీసులో మధ్యాహ్నం దాటితే చాలు కళ్లు మూతలు పడిపోతున్నాయి, భార్య దగ్గరకి వెళ్లాలన్న ధ్యాసే ఉండట్లేదు. మొన్న హెల్త్ చెకప్ ప్యాకేజీలో సాయంత్రం డ్యూటీ అయ్యాక రక్తం ఇస్తే టెస్టోస్టిరాన్ 268 వచ్చింది, పక్కన ఎర్రగా లో అని వేశారు. జిమ్‌లో ఫ్రెండు వారానికో ఇంజెక్షన్ వేసుకుంటే నెలలో సెట్ అయిపోతావు అంటున్నాడు. పెళ్లయి రెండేళ్లయింది, పిల్లల కోసం చూస్తున్నాం. వేయించుకోమంటారా?

వద్దు. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతాది మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన లైను చివర్లో ఉంది, పిల్లల కోసం చూస్తున్నాం అన్నది.

మెదడు కింద పిట్యూటరీ అని చిన్న గ్రంథి ఉంటుంది, అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అని రెండు హార్మోన్లు వదులుతుంది. ఎల్‌హెచ్ వెళ్లి వృషణాల్ని టెస్టోస్టిరాన్ తయారు చెయ్యమంటుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల పని చూసుకుంటుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ ఎంతుందో మెదడు ఎప్పటికప్పుడు కనిపెడుతూనే ఉంటుంది. మీరు బయటినుంచి ఇంజెక్షన్ ఇచ్చారనుకోండి, గోడౌన్ నిండా సరుకుంటే ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆపేసినట్టు, ఆ రెండు హార్మోన్లూ ఆగిపోతాయి. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణం లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి, అది లోపల తయారైతేనే వస్తుంది, తొడలో పొడిస్తే రాదు. అందుకే ఇంజెక్షన్ మీదున్న మనిషి బయటికి హుషారుగా కనిపిస్తాడు, రక్తంలో నంబరు బ్రహ్మాండంగా ఉంటుంది, కణాల కౌంటు మాత్రం పడిపోతుంది, వృషణాలు కూడా కాస్త చిన్నవైపోతాయి.

ఇది నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌ని మగవాళ్లకి గర్భనిరోధక పద్ధతిగా పనికొస్తుందేమోనని పరీక్షించింది, 1990లో ఫలితాలు వచ్చాయి, 271 మంది ఆరోగ్యవంతుల్లో 157 మందికి ఆరు నెలల్లోపు కణాలు పూర్తిగా సున్నాకి వచ్చేశాయి. పిల్లలు పుట్టకుండా ఆపడానికి ట్రై చేసిన మందుని పిల్లలు కావాలనుకునే మీరు తీసుకోవడం ఏంటి చెప్పండి. ఆపేశాక చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో వెనక్కి వస్తాయి, కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది.

ఇక ఆ 268 సంగతి. మీరు రక్తం ఇచ్చింది సాయంత్రం. ఈ హార్మోను పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి దిగిపోతుంది, 30, 40 ఏళ్ల వాళ్లలో పొద్దున ఎనిమిదింటితో పోలిస్తే సాయంత్రం నాలుగింటికి 20 నుంచి 25 శాతం దాకా తక్కువుండొచ్చు. అంటే మీకే పొద్దున తీసుంటే 340 వచ్చేదేమో, అప్పుడు ఆ ఎర్ర అక్షరాలే ఉండేవి కావు. భోజనం చేసినా తగ్గుతుంది, జ్వరమొచ్చి లేచిన వారంలో తీసినా తగ్గుతుంది, రాత్రంతా మేలుకుని వెళ్లి ఇచ్చినా తగ్గుతుంది. అందుకే పరగడుపున, పొద్దున పదిలోపు, ఒంట్లో బాగున్న రోజున, అదీ రెండు వేర్వేరు రోజుల్లో తీయించాలి. రెండుసార్లూ తక్కువొచ్చి, దానికి తగ్గ లక్షణాలు కూడా ఉంటేనే టెస్టోస్టిరాన్ లోపం అంటాం. అమెరికా యూరాలజీ డాక్టర్ల సంఘం డెసిలీటరుకి 300 నానోగ్రాముల లోపుంటే తక్కువ అంటుంది, హార్మోన్ల డాక్టర్ల సంఘం ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలో కింది హద్దు 264 అంటుంది. పెద్ద పెద్ద సంఘాలకే అంత తేడా ఉంటే 268 చూసి మీరు నిద్ర పాడుచేసుకోవడం అనవసరం. అన్నట్టు జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతుంటే టెస్టుకి కొన్ని రోజుల ముందే ఆపేసి ల్యాబ్‌లో కూడా చెప్పండి, కొన్ని మెషీన్లలో రీడింగు తప్పొస్తుంది.

మళ్లీ తీయించినా తక్కువే వస్తే అప్పుడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (ఇదీ పిట్యూటరీ హార్మోనే) చేయించాలి. ఎల్‌హెచ్ బాగా ఎక్కువుండి టెస్టోస్టిరాన్ తక్కువుంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు, గవదబిళ్లలు వచ్చి వాచినవాళ్లకి, దెబ్బ తగిలినవాళ్లకి, కీమోథెరపీ తీసుకున్నవాళ్లకి ఇలా అవుతుంది. రెండూ తక్కువుంటే పైనుంచి ఆర్డరే రావట్లేదని అర్థం, అది పిట్యూటరీలో చిన్న గడ్డ వల్ల కావొచ్చు, చాలాకాలంగా వాడుతున్న నొప్పి మందులో స్టెరాయిడ్లో కావొచ్చు, చాలాసార్లు మాత్రం బరువు, నిద్రలేమి. పైనుంచి సిగ్నల్ రాని కేసుల్లో పిల్లలు కావాలనుకునేవాళ్లకి వృషణాల చేతే పని చేయించే మందులు వేరే ఉన్నాయి, హెచ్‌సీజీ, క్లోమిఫిన్ లాంటివి, అవి ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, చూసి రాయాలి. మీ భార్యతో పాటు మీరూ ఒక సెమన్ అనాలిసిస్, అంటే వీర్య పరీక్ష, చేయించుకోండి ముందు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ కూడా చూపించుకోండి, నీరసానికి టెస్టోస్టిరాన్ ఒక్కటే కారణం కాదు, నిజానికి నీరసం ఒక్కటే ఉన్నవాళ్లలో అది కారణమయ్యేది తక్కువే. కోరిక తగ్గడం, తెల్లారి లేచేసరికి ఉండే అంగస్తంభన రాకపోవడం, ఈ రెండూ ఉంటే మాకు అనుమానం గట్టిగా వస్తుంది. ఆ రెండోదాని గురించి మీరేమీ రాయలేదు, డాక్టర్ దగ్గర మాత్రం సిగ్గుపడకుండా చెప్పండి.

రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారో కూడా రాయలేదు. 2011లో ఒక చిన్న స్టడీ వచ్చింది, పది మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చారు, పగటి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. వారానికే అంత!

ప్రశ్న: మా వారికి 48 ఏళ్లండి. ఆరేళ్లుగా షుగర్ ఉంది, బీపీ కూడా. పొట్ట బాగా పెరిగింది, గురక పెడతారు, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తారు. ఈమధ్య దాంపత్యం సరిగ్గా లేదు, దానికి చిరాకు పడతారు, డాక్టర్ దగ్గరకి వెళ్దామంటే రారు. ఫోనులో యాడ్ చూసి మగతనం పెంచే మూలికల క్యాప్సూల్స్ అని తెప్పించుకుని నాకు తెలీకుండా వాడుతున్నారు. ఏమైనా ప్రమాదమా?

ప్రమాదమేనమ్మా, అదే ముందు చెప్తాను. మూలికలు అని అమ్మే ఇలాంటి క్యాప్సూల్స్‌లో లేబుల్ మీద రాయకుండా సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) లాంటి ఇంగ్లీషు మందు కలిపి అమ్మడం పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. గుండెకి నైట్రేట్ బిళ్ల, నాలిక కింద పెట్టుకునేవి లాంటివి వాడేవాళ్లు దీన్ని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మీ వారు గుండె మందులేమైనా వాడుతున్నారేమో చూసి ఆ క్యాప్సూల్స్ ఈరోజే ఆపించండి.

రెండో విషయం. షుగరూ బీపీ ఉన్న మనిషికి అంగస్తంభన తగ్గితే ముందు అనుమానించాల్సింది హార్మోనుని కాదు, రక్తనాళాల్ని. అక్కడి నాళాలు గుండె నాళాల కన్నా సన్నం, పూడిక మొదలైతే ముందు అక్కడే తెలుస్తుంది, కొంతమందికి గుండె సమస్య బయటపడటానికి కొన్నేళ్ల ముందే ఇది కనిపిస్తుంది. అందుకని ఆయన్ని "దాని కోసం" అని పిలిస్తే రారేమో గానీ గుండె చెకప్ అని తీసుకెళ్లండి. నిజంగానే అది గుండె చెకప్పే, మీరేమీ అబద్ధం ఆడినట్టు కాదు.

అలాగని హార్మోను తక్కువ ఉండదని కాదు. టైప్ 2 షుగర్ ఉండి బరువెక్కువున్న మగవాళ్లలో తక్కువుండటం మామూలే. కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. పైగా లావుగా ఉన్నవాళ్లలో ఈ హార్మోనుని రక్తంలో మోసుకెళ్లే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తగ్గిపోతుంది, దాంతో మొత్తం టెస్టోస్టిరాన్ రిపోర్టులో తక్కువ కనపడుతుంది, వాడకానికి దొరికే ఫ్రీ టెస్టోస్టిరాన్ మాత్రం సరిగ్గానే ఉండొచ్చు. ఆయనకి టెస్ట్ చేయిస్తే ఎస్‌హెచ్‌బీజీ కూడా కలిపి అడగండి.

ఆ గురక గురించి రాసింది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. ఊపిరి ఆగి ఉలిక్కిపడటం అంటే స్లీప్ ఆప్నియా కావొచ్చు, రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటుంది, పొద్దున చిరాకు, బీపీ, కోరిక తగ్గడం అన్నీ దానికి ముడిపడి ఉంటాయి, పైగా ఆప్నియా ఉందని తెలీకుండా టెస్టోస్టిరాన్ మొదలుపెడితే అది ఇంకా ముదిరే అవకాశం ఉంది. ముందు స్లీప్ స్టడీ. తర్వాత బరువు. బరువు ఎంత ఎక్కువ తగ్గితే హార్మోను అంత పైకి వస్తుంది, మందు లేకుండానే. ఆయన చిరాకుని మీ మీద ఇష్టం తగ్గిందని మాత్రం అనుకోకండి, ఈ విషయంలో మగవాడికి భయమేసినప్పుడు చాలావరకు అది కోపంగానే బయటికొస్తుంది.

ప్రశ్న: అన్నా, నాకు 21. చిన్నప్పటినుంచి హస్తప్రయోగం అలవాటుంది, దానివల్ల టెస్టోస్టిరాన్ అంతా పోయి గడ్డం సరిగ్గా రావట్లేదు, జిమ్ చేసినా బాడీ రావట్లేదు అనిపిస్తోంది. మానేస్తే మళ్లీ పెరుగుతుందా? ఏ టాబ్లెట్ వాడాలి?

తమ్ముడూ, టెస్టోస్టిరాన్ ఉండేది రక్తంలో, వీర్యంతో పాటు బయటికి కారిపోయేది కాదు. హస్తప్రయోగం వల్ల అది తగ్గదు, మానేస్తే పెరగదు. గడ్డం ఎంతొస్తుందన్నది ఎక్కువగా వంశాన్ని బట్టి, వెంట్రుక కుదుళ్లు హార్మోనుకి ఎంత స్పందిస్తాయన్నదాన్ని బట్టి ఉంటుంది, ఫుల్ టెస్టోస్టిరాన్ ఉండి కూడా పలచటి గడ్డం ఉన్నవాళ్లు బోలెడు మంది. మీ నాన్నకి, మేనమామలకి 21లో ఎలా ఉండేదో అడుగు. టాబ్లెట్ ఏదీ వద్దు.

ఒక్కటి మాత్రం చూసుకో. గొంతు మారలేదు, చంకల్లో, కింద వెంట్రుకలు సరిగ్గా రాలేదు, వృషణాలు బాగా చిన్నగా గట్టిగా ఉన్నాయి, రొమ్ములు పెరిగాయి, చిన్నప్పటినుంచి వాసన తెలీదు, వీటిలో ఏదైనా ఉంటే డాక్టర్‌ని కలవాలి. క్లైన్‌ఫెల్టర్ అని మగపిల్లలు ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువతో పుట్టే పరిస్థితి ఉంది, అంత అరుదేమీ కాదు, కానీ చాలామందికి పెళ్లయి పిల్లలు పుట్టలేదని టెస్టులు చేయించుకునే దాకా తెలియనే తెలీదు. ఇవేవీ లేకపోతే నిశ్చింతగా ఉండు, జిమ్‌లో ఎవరైనా స్టెరాయిడ్ సైకిల్, అంటే టెస్టోస్టిరాన్ లాంటి మందుల కోర్సు, చెయ్యమంటే మాత్రం పైన 36 ఏళ్ల ఆయనకి రాసింది ఇంకోసారి చదువు.

ప్రశ్న: నమస్కారం. వయసు 61. పిట్యూటరీ ఆపరేషన్ తర్వాత టెస్టోస్టిరాన్ బాగా తక్కువైందని నాలుగు నెలలుగా జెల్ రాసుకుంటున్నాను. హుషారు వచ్చింది, కాదనను. కానీ దీనివల్ల గుండెపోటు వస్తుందని, ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుందని స్నేహితులు భయపెడుతున్నారు. మూడేళ్ల మనవరాలు ఎప్పుడూ నా ఒళ్లోనే ఉంటుంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? జీవితాంతం వాడాల్సిందేనా?

సార్, మీకు ఇది అవసరమైన మందు, స్నేహితుల మాట విని ఆపేయకండి. గుండె గురించి పెద్ద ట్రయల్ ఒకటి 2023లో వచ్చింది, ట్రావర్స్ అంటారు, గుండెజబ్బు ఉన్న లేదా వచ్చే రిస్కు ఎక్కువున్న 5,000 మందికి పైగా మగవాళ్ల మీద చేశారు, సగం మందికి టెస్టోస్టిరాన్ జెల్, సగం మందికి ఉత్తి జెల్. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం కలిపి చూస్తే మందు వాడినవాళ్లలో 7.0 శాతం, వాడనివాళ్లలో 7.3 శాతం, అంటే తేడా లేనట్టే. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మందు వాడినవాళ్లలో కొంచెం ఎక్కువే కనిపించాయి. అందుకని గుండె దడదడలాడినా, ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే వెళ్లండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

ప్రోస్టేట్ క్యాన్సర్‌ని ఇది కొత్తగా పుట్టిస్తుందని రుజువేమీ లేదు, కాకపోతే ముందే ఉంటే పెరగొచ్చన్న జాగ్రత్తతో పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష చూస్తూ ఉంటాం. దానికన్నా నేను ఎక్కువ గమనించేది హిమటోక్రిట్, అంటే రక్తం చిక్కదనం, అది 54 శాతం దాటితే మందు ఆపి మళ్లీ తక్కువ డోసుతో మొదలుపెడతాం. నాలుగు నెలలైందంటున్నారు, ఇప్పటికి ఒకసారి హిమటోక్రిట్, పీఎస్‌ఏ, టెస్టోస్టిరాన్ మూడూ చూసి ఉండాలి, చూడకపోతే ఈ వారంలోనే చేయించండి. తర్వాత ఏడాదికోసారి.

మనవరాలి విషయం బాగా అడిగారు. జెల్ రాసిన చోటు చిన్నపిల్లల ఒంటికి తగిలితే వాళ్లకి మందు ఎక్కుతుంది, కింద వెంట్రుకలు రావడం, వయసుకి మించిన ఎదుగుదల లాంటివి నిజంగా జరిగాయి, అందుకే అమెరికాలో 2009 నుంచి ఈ మందు మీద గట్టి హెచ్చరిక వేయిస్తున్నారు. రాసుకున్న వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆరాక భుజాలు కప్పే చొక్కా వేసుకోండి, పాపని ఎత్తుకునే ముందు రాసినచోట సబ్బుతో కడుక్కుంటే ఇంకా మంచిది. మీరు విప్పిన బనీను పాప చేతికి దొరక్కుండా చూడండి. ఇదంతా తలనొప్పి అనుకుంటే మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ ఉంది, మీ వయసులో పిల్లల కోసం చూసేదేం లేదు కాబట్టి అది వేయించుకోవచ్చు.

జీవితాంతమా అంటే, పిట్యూటరీ దెబ్బతిన్న మీలాంటివాళ్లకి చాలావరకు అవును. బరువు వల్లో, నిద్ర వల్లో, వేరే మందు వల్లో తగ్గినవాళ్లకైతే కారణం సరిచేస్తే అసలు మొదలుపెట్టే పనే ఉండదు. మీ పిట్యూటరీకి థైరాయిడ్, కార్టిసాల్ హార్మోన్లు కూడా చూపించారా? రాయలేదు. అవి చూడకుండా ఉండరు గానీ, ఆపరేషన్ చేసిన డాక్టర్‌ని ఒకసారి అడగండి.