గాల్‌బ్లాడర్ ఆపరేషన్: గాట్లు తగ్గితే మంచిదేనా?

గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీయడానికి ఒక డాక్టర్ నాలుగు గాట్లు అన్నారు, ఇంకొకరు బొడ్డు దగ్గర ఒక్క గాటుతో అయిపోతుందన్నారు, ఎటు వెళ్లాలి అని మీరు అడిగారు. నేను డాక్టర్ని కాదు. రెండేళ్ల కిందట రాళ్ల వల్ల గాల్‌బ్లాడర్ తీయించుకున్న పేషెంట్ని, అంతే.

నాకు మూడు గాట్లతో చేస్తామన్నారు. మెలకువ వచ్చాక దుప్పటి పక్కకు తీసి చూసుకుంటే పొట్ట మీద నాలుగు ప్లాస్టర్లు! మత్తు పూర్తిగా దిగకుండానే కోపం వచ్చింది. సాయంత్రం సర్జన్ వచ్చి కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మామూలుగా బొడ్డు దగ్గర కెమెరాకు ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, కుడి పక్కటెముకల కింద చిన్నవి రెండు పెడతారట. ఆ చివరి గాటులోంచి వెళ్లే పరికరం గాల్‌బ్లాడర్‌ని లివర్ మీదికి ఎత్తి పట్టుకుంటుంది. మూడు గాట్ల పద్ధతిలో మానేసేది సాధారణంగా దాన్నే. నాకేమో పాత వాపుతో అంతా అతుక్కుపోయి, ఎత్తి పట్టుకుంటే తప్ప కింద నాళం తేటగా కనిపించలేదట.

ఆ నాళం దగ్గరే ఉంది అసలు సంగతి. గాల్‌బ్లాడర్ నాళం అనుకుని, లివర్ నుంచి పేగుకు వెళ్లే పెద్ద పిత్తనాళాన్ని కోస్తే మళ్లీ పెద్ద ఆపరేషనే. అలా జరగడం అరుదు. కానీ అది వినగానే నా కోపం చల్లారింది. నేను గొడవపడబోయింది 5 మిల్లీమీటర్ల గాటు కోసం, అంటే చొక్కా గుండీలో సగం.

ఒక్క గాటు పద్ధతిలో మచ్చ బొడ్డులో కలిసిపోతుంది, నిజమే. అయితే కెమెరా, పరికరాలు అన్నీ ఒకే దారిలో వెళ్లడంతో ఒకదానికొకటి తగులుతుంటాయి, టైమ్ ఎక్కువ పడుతుంది. గాటు కూడా కాస్త పెద్దది, తర్వాత అక్కడ హెర్నియా (గాటు చోట పొట్ట గోడ బలహీనపడి లోపలిది బయటికి ఉబ్బడం) వచ్చే అవకాశం మామూలు పద్ధతి కంటే ఎక్కువ.

ఇక నొప్పి. గాట్లు లెక్కపెట్టుకుంటూ భయపడ్డాను గానీ, నన్ను ఏడిపించింది కుడి భుజం. పొట్టలోకి నింపే కార్బన్ డయాక్సైడ్ వల్ల అలా అవుతుందట. రెండు రోజుల పాటు, పడుకున్నప్పుడల్లా లాగేది, మెల్లగా నడిస్తే నయంగా ఉండేది. గాట్లలో బొడ్డుది ఒక్కటే దగ్గినప్పుడు సలిపింది. దిండు పొట్టకు ఆనించుకుని దగ్గేవాణ్ని. నాలుగోది అసలు తెలియలేదు.

మీకు వాపు, ఇన్ఫెక్షన్ లేకుండా, పొట్టకు పాత ఆపరేషన్లేవీ లేకపోతే తక్కువ గాట్ల గురించి అడగడంలో తప్పు లేదు. ఇలాంటివి ఎన్ని చేశారో ఆ సర్జన్‌నే అడగండి. మధ్యలో సరిగ్గా కనిపించకపోతే ఇంకో గాటు పెడతారా, అవసరమైతే పొట్ట తెరుస్తారా అని కూడా అడగండి. ‘పెడతాను, తెరుస్తాను’ అని తడుముకోకుండా చెప్పే డాక్టర్ దగ్గరికే నేనైతే వెళ్తాను. ‘మా దగ్గర అలాంటి అవసరమే రాదు’ అంటే మాత్రం ఇంకొకరికి కూడా స్కాన్ చూపించండి.