సిద్దిపేట జిల్లా కుళాయిల లెక్క తేలకపోవడానికి కారణం

2011 జనగణన ఫైళ్లతో సిద్దిపేట జిల్లాలో కుళాయి నీళ్లున్న ఇళ్ల శాతం లెక్కేస్తే తేలడం లేదని అడిగారు కదా. ఆ జనగణనలో సిద్దిపేట జిల్లానే లేదండి. అది 2016లో ఏర్పడింది. మీకు శాతం తేడాగా వస్తోంది అందుకే, పాత మెదక్ జిల్లా ఫైలొక్కటే చాలదు.

1. హుస్నాబాద్ పాత కరీంనగర్‌లో, చేర్యాల పాత వరంగల్‌లో ఉంటాయి. ఆ రెండు ఫైళ్లూ దించుకోండి.

2. వేర్వేరు పట్టికల్లోని ఊళ్లను పేరుతో కాకుండా జనగణన కోడ్‌తో కలపండి. రాంపూర్‌లు ఎన్నో!

3. అందరూ తప్పేది ఇక్కడే. ఇళ్ల పట్టికలో ఊరివారీగా ఉండేవి శాతాలు, వాటికి నేరుగా సగటు తీయొద్దు. 100 కుటుంబాల ఊళ్లో 80 శాతం, 1000 కుటుంబాల ఊళ్లో 20 శాతం అనుకోండి. సగటు 50 చూపిస్తుంది. నిజానికి 1100లో 280, అంటే పాతికే. ముందు ప్రతి ఊరి శాతాన్నీ కుటుంబాల సంఖ్యతో గుణించి, ఆ తర్వాతే కూడి, మొత్తం కుటుంబాల సంఖ్యతో భాగించండి.

కుటుంబాల సంఖ్య జనాభా పట్టికలో దొరుకుతుంది. ఇళ్ల లెక్క జనాభా లెక్క కన్నా ముందు, 2010లోనే జరిగింది కాబట్టి కుటుంబాల సంఖ్యలో కొద్దిపాటి తేడాకి టెన్షన్ పడకండి.