కార్డు కొనే ముందు ఇది చదువు

అల్లుడూ,

పార్టులన్నీ ఏరి తెచ్చి కంప్యూటర్ నువ్వే బిగించుకున్నావని అక్క చెబితే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. గేములో అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయని, పాత గ్రాఫిక్స్ కార్డు అమ్మేసి కంతుల మీద కొత్తది తెస్తావని. అప్పట్నుంచి నాకు నెమ్మది లేదు. కొనడం ఆపు.

తెరంతా చిన్న చిన్న గళ్లే, అంటే చుక్కలే నాయనా. గళ్ల నోట్‌బుక్కులో గళ్లు నింపుకుంటూ ఏటవాలు గీత గీస్తే మెట్లు పడవా? ఇదీ అంతే. ఏ కార్డు పెట్టినా ఆ గళ్లు పోవు.

ముందు రిజల్యూషన్, అంటే బొమ్మను అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలతో గీస్తోందో చూడు. అనంతపురంలో నేను షాపు పెట్టిన కొత్తల్లో ధర్మవరం పక్క పల్లె పిల్లోడొకడు నీ మాదిరే బాధపడ్డాడు. కార్డు మార్చమని ఎవరో చెప్పారు. వాళ్ల నాయన శెనక్కాయలమ్మిన డబ్బుల్లోంచి తీసిచ్చాడు. కొత్త కార్డు పెట్టినా మెట్లు అట్లే ఉన్నాయి. ఇద్దరూ సీపీయూ మోసుకొని నా దగ్గరికొచ్చారు. చూస్తే మానిటర్ 1920×1080, గేము నడిచేది 1366×768లో. 20 లక్షల పైచిలుకు చుక్కలున్న తెర మీద 10 లక్షల చుక్కల బొమ్మను సాగదీసి వేస్తోంది. మెనూలో ఆ ఒక్కటీ మార్చగానే చాలావరకు సర్దుకుంది. బల్ల మీద కూర్చున్న వాళ్ల నాయన "అంతేనా సార్?" అన్నాడు. కార్డు వెనక్కిస్తామంటే అమ్మినోళ్లు తీసుకోలేదు. ఆయన ముఖం ఈరోజుకీ మరిచిపోలేను. నిన్ను చదివిస్తున్నదీ అట్లాంటి కష్టమే.

కాబట్టి మానిటర్ అసలు రిజల్యూషన్ పెట్టు. రెండర్ స్కేల్, అంటే ఆ రిజల్యూషన్‌లో ఎంత శాతంతో గేము బొమ్మ గీస్తోందో, 100 శాతం ఉందో లేదో చూడు. మానిటర్ వైరు మదర్‌బోర్డుకి కాదు, కార్డుకే గుచ్చాలి.

ఆ తర్వాతే యాంటీ ఏలియాసింగ్, అంటే ఆ మెట్లను నునుపు చేసే సెట్టింగ్. అందులో రకాలున్నాయి. ఎఫ్‌ఎక్స్‌ఏఏ కార్డుకు తేలిక, కానీ బొమ్మంతా కాస్త మసకేస్తుంది. ఎంఎస్‌ఏఏ గోడలకు, స్తంభాలకు బాగుంటుంది. ఆకులు, జాలీ కంచెలు చాలాసార్లు దానికి లొంగవు. టీఏఏ వెనకటి ఫ్రేములనూ, అంటే అంతకుముందు గీసిన బొమ్మలనూ కలుపుకుంటుంది గనక నడిచేటప్పుడు కరెంటు తీగలు మిణుకుమనడం తగ్గుతుంది. వేగంగా కదిలేవాటి వెనక మాత్రం తోకలాంటి జాడ పడొచ్చు. నేనైతే టీఏఏ పెట్టి, బొమ్మ స్పష్టత పెంచే షార్ప్‌నింగ్ కొంచెం పెంచుతా. ఒక్కోటే మార్చు, ప్రతిసారీ గేములో అదే చోట నిలబడి అదే తీగను చూడు.

సూపర్ శాంప్లింగ్, అంటే బొమ్మను పెద్దగా గీసి తెరకు కుదించడం, దాని జోలికి మాత్రం పోవద్దు. 1920×1080 తెరకోసం 4కేలో (3840×2160) గీయిస్తే కార్డుకు నాలుగు రెట్ల చుక్కల పని. నీది మేడ మీద రేకుల గది, మన ఊరి ఎండలు తెలుసు కదా. సీపీయూని గోడకానించి పెట్టావంట! ఏం పని రా అది? గాలెట్లా ఆడుతుంది? ఈరోజే ఇవతలికి జరుపు, ఫ్యాన్ దుమ్ము దులుపు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోకుండా వేళకు తిను.

ఇన్ని చేసినా మెట్లు పోకపోతే శనివారం సాయంత్రం సీపీయూ షాపుకి తీసుకురా. నా దగ్గరున్న కార్డొకటి పెట్టి, నీ గేమే నడిపి చూద్దాం. అప్పుడు నిజంగా కార్డే కారణమైతే సగం డబ్బు నేనిస్తా, కంతులు వద్దు.

మీ మామ