తెగిపడిన 11 కేవీ తీగ దగ్గర మీ హీరో ఎలా నడవాలి

తమ్ముడూ, ఉరవకొండ దగ్గర శెనక్కాయల చేన్లో తెగిపడిన 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు తీగను నీ కథలో హీరో ఒట్టి చేత్తో ఎత్తి విసిరేస్తే చదివినోళ్లు నవ్వుతున్నారన్నావు. నవ్వరా మరి! తీగదాకా ఎందుకు, ప్రమాదం నేలలోనే ఉంది.

తీగ తాకిన చోట నేలలో వోల్టేజీ ఎక్కువ, దూరం జరిగేకొద్దీ తగ్గుతుంది. అడుగు వేస్తే రెండు పాదాల కింద రెండు వోల్టేజీలు. ఆ తేడాకే కరెంటు ఒక కాలి గుండా ఎక్కి రెండో కాలి గుండా దిగుతుంది. ఎద్దుకు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ ఎడం ఎక్కువ, పైగా దారిలో గుండె ఉంటుంది. అందుకే ముందు ఎద్దును కూల్చు. హీరోకు విషయం అక్కడే తెలియాలి.

కరెంటును దానంతటదే ఆపేసే బ్రేకర్ పడిపోదా అని ఎవరైనా అడుగుతారు. ఎండిన నేలలో పారే కరెంటు తక్కువ, తేడా కనిపెట్టి బ్రేకర్‌ను పడేసే సబ్‌స్టేషన్ రిలే దాన్ని పసిగట్టకపోవచ్చు. తీగ చప్పుడు లేకుండా పడి ఉంటుంది, కానీ అందులో కరెంటు పోలేదు.

హీరో పరుగెత్తకూడదు. పాదాలు నేల వదలకుండా, ఒకదాని మడమ రెండోదాని వేళ్లను దాటకుండా జరుపుకుంటూ కనీసం 10 మీటర్లు రావాలి. ఆ పది మీటర్లకు ఒక పేజీ ఇవ్వు. అతీతశక్తి తర్వాత చూద్దాం.