జెడ్ పక్కన హెచ్ ఎందుకు?

ప్రశ్న: మా కోడలిది కేరళలో అలప్పుజ. ఆ ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే చివర్లో జెడ్, హెచ్ పక్కపక్కన వస్తాయి. మేం 'జ' అన్నప్పుడల్లా ఆ పిల్ల నవ్వాపుకుంటోంది. 'జ' కాకపోతే జెడ్ ఎందుకు రాస్తారు? ఒక్క శబ్దానికి రెండక్షరాలేమిటి? మిగతా భాషల్లోనూ ఇంతేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ఇదే తప్పు నేనూ చాలాకాలం చేశాను. పత్రిక డెస్కులో చేరిన కొత్తలో వార్తలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. పేర్లు మేమే తెలుగు చేసుకోవాలి. కోజికోడ్ అని రాసేవాణ్ణి. మా వీధిలో ఒక మలయాళీ నర్సమ్మ అద్దెకుండేది. తెలుగు నేర్చుకుంటూ మా పేపరే కూడబలుక్కుని చదివేది. ఒకరోజు ఆ పేపరు పట్టుకొచ్చి, "సార్, మా ఊరి పేరు ఇది కాదు" అంది.

అరుగు మీద కూర్చోబెట్టి నేర్పింది. "ముందు 'ళ' అనండి. నాలుక ఎక్కడుంది?" అంది. పైన అంగిలికి తగిలిందన్నాను. "అలాగే వెనక్కి మడవండి, కానీ ఎక్కడా తగలనివ్వొద్దు" అంది. పది పన్నెండుసార్లు అన్నాక ఆ శబ్దం పలికింది. వాకిట్లో తిరుగుతున్న కోడిని చూపించి "కోఴి" అంది. వేళ్లు లెక్కపెట్టి ఏడో దాని దగ్గర "ఏఴు" అంది. కోడి, ఏడు! మనం 'డ' పలికేచోట వాళ్లకు ఆ శబ్దం ఉంది.

నిజానికి అది మనకూ ఉండేది. కడప సీమలో దొరికిన రేనాటి చోళుల తొలి తెలుగు శాసనాల్లో ఈ 'ఴ' అక్షరం చెక్కి ఉంది. తర్వాత మన నోళ్లలో అది పోయింది. తమిళుల 'చోఴ' మనకు ఒకచోట చోళ, ఇంకోచోట చోడ అయింది. కాబట్టి మీ కోడలి ఊరి పేరులో ఉన్నది మన ఇంట్లోంచి వెళ్లిపోయిన అక్షరమే. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా మనసు కదులుతుంది.

ఇక జెడ్ సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ శబ్దానికి గుర్తు లేదు. అందుకని జెడ్ పక్కన హెచ్ పెట్టి, ఇది మామూలు జెడ్ కాదని చెప్పారు. హెచ్‌కి ఈ పని పాత రోమన్ల కాలం నుంచీ ఉంది. గ్రీకు మాటలు వాళ్ల భాషలోకి వచ్చినప్పుడు అందులో ఒత్తు 'ఫ' ఉండేది, మన 'ఫలం'లో పలకాల్సిన ఫ లాంటిది. వాళ్ల లిపిలో అది లేదు. పీ పక్కన, ఊపిరికి గుర్తుగా హెచ్ పెట్టారు. తర్వాత గ్రీకుల ఉచ్చారణే మారి, ఇవాళ 'ఫోన్'లో వినిపించే శబ్దమైంది. స్పెల్లింగు మాత్రం పీ, హెచ్‌గానే నిలిచిపోయింది. మనం లత, గీత పేర్లలో టీ పక్కన హెచ్ పెట్టేదీ ఇలాంటి అవసరానికే. ఒక్క టీ రాస్తే 'ట' అనుకుంటారని మన భయం. ఉత్తరాది వాళ్లు హెచ్ లేకుండానే రాస్తారు.

చిక్కేమిటంటే, ఏ జంట ఏ శబ్దమో ఒక్కో భాషది ఒక్కో ఒప్పందం. సీ, హెచ్ కలిస్తే ఇంగ్లీషులో ఎక్కువగా 'చ', ఫ్రెంచిలో 'ష', ఇటాలియన్‌లో 'క'. మనం మైఖేలాంజెలో అనే శిల్పిని ఆయన దేశంలో 'మికెలాంజెలో' అంటారు. హంగరీ వాళ్లకు ఒంటరి ఎస్ 'ష', దాని పక్కన జెడ్ చేరితేనే 'స'. అందుకే వాళ్ల రాజధాని వాళ్ల నోట 'బుడపెష్ట్'. పోలండ్‌లో సరిగ్గా తిరగబడి, ఎస్, జెడ్ జంట 'ష' అవుతుంది. 'ష' కోసం జర్మన్లు మూడక్షరాలు వాడతారు: ఎస్, సీ, హెచ్.

కొందరు ఈ జంటను రెండక్షరాలుగా లెక్కపెట్టరు కూడా. వేల్స్ దేశపు భాషలో రెండు ఎల్‌లు కలిసి ఒకే అక్షరం, నిఘంటువులో దాని చోటు దానిదే. స్పానిష్ నిఘంటువుల్లో సీ-హెచ్ మాటలకు 1994 దాకా వేరే విభాగం ఉండేది.

తెలుగులో రాయాలంటే 'ఆలప్పుఴ' అని రాయండి. కొన్ని ఫోన్లలో ఆ అక్షరం కనిపించకపోవచ్చు, అప్పుడు 'ఆలప్పుళ' అన్నా 'జ' కంటే చాలా దగ్గర. మలయాళంలో 'పుఴ' అంటే ఏరు. ఈసారి కోడలు ఇంటికొచ్చినప్పుడు ముందు ఆ ఒక్క మాట పలికించమని అడగండి, నాలుక తగలకుండా.