తేదీ చెరిగిన సిపాయి ఉత్తరాలు, వాటిలోని చద్దన్నం

మీ తాతగారు 1971 యుద్ధకాలంలో రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాల్లో కొన్నిటి తేదీ చెరిగిపోయిందనీ, ప్రతిదాంట్లో వాళ్లమ్మ పెట్టే చద్దన్నాన్ని తలుచుకున్నారనీ రాశారు. వాటిని వరస కట్టడం ఎలా, ఆ చద్దన్నం చెయ్యడం ఎలా అని అడిగారు. వరస కట్టడానికి ఆ తిండి మాటలే ముందు పట్టుకోండి. ఉన్న చోటు, పటాలం కదలికలు రాయకూడదు కాబట్టి "ఉభయకుశలోపరి" తర్వాత సిపాయి మనసు విప్పి రాయగలిగేది ఇంటి సంగతులూ, తిండీ.

"తేగలు తవ్వారా" అని ఉంటే కార్తీకానికీ సంక్రాంతికీ మధ్య. ముంజలంటే ఎండాకాలం. "కొత్తావకాయ కలిపారా" అంటే మే, జూన్. ఉత్త ఆవకాయ అంటే ఏమీ తేలదు, అది ఏడాదంతా ఉండేదే. "అరిసెలు అందాయి" అంటే పండగ కాదు, పండగకు పార్శిల్ చేరే రోజులు కలుపుకోవాలి. పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే.

పోస్టు ముద్రలో ఊరి పేరు వెతక్కండి. ఎఫ్‌పీఓ (ఫీల్డ్ పోస్టాఫీసు) అనీ ఒక నంబరూ ఉంటాయి. ఆ పోస్టాఫీసు సైన్యంతో పాటే కదిలేది, నంబరును ఒక చోటికి కట్టెయ్యకూడదు. చిరునామాలోని 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) కూడా ఊరు కాదు. 6 అంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతి ఉత్తరం. యుద్ధం నడిచింది 1971 డిసెంబరు 3 నుంచి 16 వరకు. ఇంటి నుంచి ఆయనకు వెళ్లిన కవర్లు దొరికితే 5 పైసల శరణార్థుల సహాయ తపాలా బిళ్ల చూడండి, 1971 నవంబరు 15కి ముందు అది లేదు.

మడత అంచులు తప్పక చదవండి. చోటు చాలక "పొడి పంపు, నెయ్యి వద్దు కారిపోతుంది" లాంటివి అక్కడే అడ్డంగా ఇరికిస్తారు, ఉత్తరం చింపి విప్పినప్పుడు ముందు పోయేదీ ఆ వరసే. చిరుగుకు సెల్లోటేపు వెయ్యకండి, దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ అసలొద్దు. తడి గుడ్డ తగిలితే సిరా కారుతుంది. మాసిన పెన్సిల్ రాతను రంగుల్లోనే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చెయ్యండి, నలుపు తెలుపులో సగం పోతుంది.

ఇక చద్దన్నం. గ్లాసు బియ్యం కాస్త పలుకుగా వండండి, మెత్తబడితే తెల్లారేసరికి గంజిలో కరిగిపోతుంది. పూర్తిగా చల్లారాక మట్టికుండలో వేసి, అన్నం పైన రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, చెంచా పెరుగు కలపండి. వేడి మీద కలిపితే తోడు చచ్చిపోతుంది. మూత బిగించకుండా 8 నుంచి 10 గంటలు ఉంచితే చాలు, ఎండాకాలం ఇంకా తక్కువ. ఉప్పు పొద్దున్నే వెయ్యాలి, పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ నంజుకోవాలి. అన్నం జిగటగా సాగినా, పులుపు కాకుండా ముక్కిన వాసన వచ్చినా పారబొయ్యండి.