బుషెహర్ రేవు: ఊరి పాలన ఎవరి చేతిలో ఉండేది?

పర్షియా సింధుశాఖలోని పాత రేవుల గురించి కిందటి సంచికలో వచ్చిన వ్యాసం చదివి ఉభయ గోదావరి జిల్లాల నుంచి పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. కోనసీమలో ఏ ఊరికి వెళ్లినా కువైట్‌లోనో మస్కట్‌లోనో బంధువులున్న ఇళ్లు కనిపిస్తాయి కనుక ఆ తీరం మీద ఇంత ఆసక్తి ఉండడం సహజమే. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇరాన్ (పాత పేరు పర్షియా) తీరంలోని బుషెహర్ గురించి, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో అక్కడి పాలన గురించి అడిగినవే. అందువల్ల ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో ఒక పాత కవరు దొరికింది. ఐదో జార్జి బొమ్మ ఉన్న ఇండియా స్టాంపు, దాని మీద బుషైర్ అని ఇంగ్లీషు ముద్ర ఉన్నాయి. పర్షియా మన దేశంలో భాగం కాదు కదా, మన స్టాంపు అక్కడ ఎలా చెల్లింది? ఆ కవరు అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది? (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: బుషైర్ అంటే బుషెహరే. బ్రిటిష్ ఇండియా తపాలా శాఖ 1864లో బుషెహర్‌లో సొంత పోస్టాఫీసు తెరిచింది. బొంబాయి నుంచి బస్రాకు పోయే స్టీమర్లు టపా సంచులను అక్కడ దింపేవి. ఆ కార్యాలయంలో ఇండియా స్టాంపులనే, పైన వేరే అక్షరాలేమీ అచ్చు వేయకుండా, అమ్మేవారు. కాబట్టి మీ కవరు మీద ఆ స్టాంపు ఉండడంలో వింత లేదు. అయితే పర్షియా ప్రభుత్వం పట్టుబట్టడంతో ఆ దేశంలోని ఇండియా పోస్టాఫీసులన్నీ 1923లో మూతపడ్డాయి. ముద్రలోని సంవత్సరాన్ని భూతద్దంతో చూడండి. 1923 తరువాతి సంవత్సరం కనిపిస్తే అనుమానించవలసిందే. మీ దగ్గర పర్షియా స్టాంపు మీద బ్రిటిష్ ఆక్రమణ అని ఇంగ్లీషులో అచ్చు వేసినది కూడా ఉంటే అది వేరే సంగతి. 1915 ఆగస్టులో బ్రిటిష్ సేన ఊరిని స్వాధీనం చేసుకుని అక్టోబరు దాకా అక్కడి తపాలాను నడిపినప్పుడు వేసిన స్టాంపులవి. వాటికి నకిలీలు చాలా ఎక్కువ, నిపుణుడికి చూపించకుండా నమ్మవద్దు.

మీ ప్రశ్న వెనుక ఇంకా పెద్ద విషయం ఉంది. ఇండియా ప్రభుత్వం అక్కడ నడిపింది తపాలా ఒక్కటే కాదు. మక్రాన్ తీరంలోని గ్వాదర్ నుంచి సముద్రం అడుగున వేసిన తంతి తీగ 1864లోనే బుషెహర్‌కు చేరింది. ఊరికి దక్షిణాన రీషహర్‌లో తంతి కార్యాలయం ఉండేది. సింధుశాఖ మొత్తానికీ బ్రిటిష్ రెసిడెంటు, అంటే అక్కడి రాజకీయ ప్రతినిధి, బుషెహర్‌లోనే కాపురముండి, ఇండియా ప్రభుత్వానికి జవాబుదారీగా పనిచేసేవాడు. పేదలకు ఉచితంగా మందులిచ్చే దవాఖానా కూడా ఆ రెసిడెన్సీ ఆధ్వర్యంలోనే నడిచేది. ఈ ఖర్చులో కొంత భాగం ఇండియా ఖజానా నుంచి వెళ్లేది, అంటే గోదావరి కాలువ కింద వరి పండించి శిస్తు కట్టిన రైతు సొమ్ము కూడా అందులో ఉంది. మన చరిత్ర పాఠాల్లో ఈ సంగతికి చోటు దొరకకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: బుషెహర్‌లో మంచినీళ్లు, పారిశుద్ధ్యం, వీధుల బాగోగులు ఎవరు చూసేవారు? మన కాకినాడలో లాగా అక్కడా మునిసిపాలిటీ ఉండేదా? (ఒక పాఠకురాలు, నరసాపురం)

జవాబు: చట్టం ప్రకారం ఉండాలి. రాజ్యాంగ ఉద్యమం తరువాత ఏర్పడిన పర్షియా పార్లమెంటు తొలి రోజుల్లోనే, 1907లో, బలదియా (మునిసిపాలిటీ) చట్టం చేసింది. దాని ప్రకారం పట్టణంలో ఓటు హక్కు ఉన్న పురుషులు ఒక సంఘాన్ని ఎన్నుకోవాలి, వీధులు, దీపాలు, పారిశుద్ధ్యం, తిండిగింజల సరఫరా ఆ సంఘం చూసుకోవాలి. ఆ కాలానికి అది చాలా ముందుచూపున్న చట్టం. కానీ దాన్ని నడిపించడానికి డబ్బు గానీ, శాంతి గానీ ఆ దేశానికి దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తటస్థంగా ఉంటామన్నా వినకుండా పరాయి సేనలు దేశంలోకి వచ్చాయి. పాత పద్ధతిలోనే బెహ్‌బహానీ, దెహ్‌దష్తీ, షన్‌బదీ, కూతీ అనే నాలుగు పేటల్లో పెద్దమనుషులు తగాదాలు తీర్చేవారు. వారి పైన టెహరాన్ పంపిన గవర్నరు ఉండేవాడు.

రేవులో వ్యాపారం పుష్కలంగా జరుగుతున్నప్పుడు ఊరికి డబ్బు లేకపోవడమేమిటని మీరు అడగవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. రేవులో దిగే పంచదార, టీ, బట్టల మీద సుంకం వసూలు చేసే పని 20వ శతాబ్ది ఆరంభంలోనే బెల్జియం దేశపు అధికారుల చేతికి వెళ్లింది. వచ్చిన సొమ్ము కేంద్రానిది. దక్షిణ రేవుల సుంకాలను బ్రిటిష్ వారి బ్యాంకు అప్పులకు హామీగా రాసి ఇచ్చారు కూడా. సరుకు దింపే హమాలీ, పడవ నడిపే సరంగు, అంగడి పెట్టుకున్న వర్తకుడు ఆ ఊరివాళ్లే అయినా, వారి శ్రమ మీద పుట్టిన రాబడి ఊరి వీధి ముఖం చూడలేదు. ఊరికి మిగిలినవి ఊళ్లోకి వచ్చే బరువుల మీద, బండ్ల మీద వేసే చిల్లర పన్నులు మాత్రమే.

నీటి సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. బుషెహర్ ఒక ద్వీపకల్పం కొసన ఉంది, దాదాపు మూడు వైపులా సముద్రమే. ఊళ్లో బావి తవ్వితే ఉప్పనీళ్లు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఊళ్లవారికి ఈ బాధ చెప్పనక్కరలేదు, మంచినీళ్ల చెరువు నుంచి కావిళ్లతో మోసిన రోజులు అక్కడి పెద్దలకు గుర్తే. బుషెహర్‌లో కావిళ్లకు బదులు గాడిదలుండేవి. ఊరి బయట బావుల్లో చేదిన నీటిని వాటి మీద వేసుకుని వచ్చి ఇంటింటికీ అమ్మేవారు. ఎండాకాలంలో, ఇంట్లో మనుషులు ఎక్కువైనప్పుడు, ఆ నీళ్లే రోజువారీ ఖర్చులో పెద్ద పద్దు అయి ఉంటాయని ఊహించడం కష్టం కాదు. చలికాలంలో కురిసే కొద్దిపాటి వానను పట్టి దాచుకునే ఇటుక నీటికొట్లు కొన్ని ఉండేవి. సముద్రపు ఒడ్డున ఉన్న ఖవామ్ నీటికొట్టు ఇప్పటికీ నిలిచి ఉంది. అటువంటివి ధర్మంగా కట్టించినవాళ్లు వర్తకులు, శ్రీమంతులు. చదువు కూడా అలాగే: ఇరాన్ దక్షిణ ప్రాంతంలో మొదటి ఆధునిక పాఠశాలగా పేరుపొందిన సఆదత్ పాఠశాల 1899లో అప్పటి గవర్నరు చొరవతో, ఊరి వర్తకుల చేయూతతో నిలబడింది.

1921లో సైనిక తిరుగుబాటుతో బయటికి వచ్చి 1925లో రాజైన రెజా షా కాలంలో పద్ధతి మారింది. తపాలా 1923లో, ఓడల ఆరోగ్య తనిఖీ 1928లో, తంతి వ్యవస్థ 1931 ప్రాంతంలో ఇరాన్ ప్రభుత్వం చేతికి వచ్చాయి. విదేశీయులను వారి కాన్సలే విచారించే ప్రత్యేక హక్కు 1928 మే నెలలో రద్దయింది. ఒక స్వతంత్ర దేశం తన రేవులో తన జెండా కింద తన పనులు తానే చేసుకోవాలనుకోవడం పూర్తిగా న్యాయం. అయితే పరాయివాళ్ల చేతి నుంచి తీసుకున్న అధికారం టెహరాన్‌లోనే ఆగిపోయింది, బుషెహర్ ప్రజల దాకా రాలేదు. 1930లో వచ్చిన కొత్త బలదియా చట్టం 1907 నాటి దాన్ని పక్కన పెట్టింది. సంఘం పేరుకు మిగిలింది, మునిసిపల్ అధిపతిని మాత్రం హోంశాఖే నియమించేది. 1933లో వీధుల విస్తరణకు మరో చట్టం చేశారు. దాని బలంతో దేశమంతటా పాత పేటల మధ్య నుంచి తిన్నని రోడ్లు వేశారు. ఏ ఇల్లు పోవాలో తేల్చడంలో ఆ ఇంటివారి మాటకు పెద్ద విలువ ఉండేది కాదు.

కాకినాడతో పోల్చి చూడమన్నారు కనుక చెబుతున్నాను. కాకినాడ మునిసిపాలిటీ 1866 నాటిది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంతో ఎన్నికైన సభ్యుల బలం, పన్నులు వేసే అధికారం పెరిగాయి. పన్ను కట్టేవారికే ఓటు అన్న లోపం ఉన్నా, చైర్మన్‌ను నిలదీయడానికి ఒక సభ ఉండేది. మనకు దేశం మన చేతిలో లేదు, ఊరి కుళాయి గురించి మాట్లాడే హక్కు కొంత ఉంది. వారికి దేశం చేతికి వచ్చింది, ఊరి నీటి గురించి మాట్లాడే హక్కు పోయింది. రెండూ ఉంటేనే అది స్వపరిపాలన అని నా నమ్మకం.

ప్రశ్న: కాకినాడలో రంగం (రంగూన్) ఓడ ఎక్కేముందు డాక్టరు పరీక్ష ఉండేదని మా మామ్మ చెప్పేవారు. బుషెహర్‌లో ఆ పని ఎవరిది? (ఒక పాఠకుడు, తాళ్లరేవు)

జవాబు: 1928 వరకు ఇండియా ప్రభుత్వపు డాక్టర్లది. రెసిడెన్సీ సర్జనే బుషెహర్ క్వారంటైన్‌కు పెద్ద, బందర్ అబ్బాస్, లింగె, మొహమ్మెరా రేవుల్లోనూ ఇదే ఏర్పాటు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగిన తరువాత తనిఖీ కఠినమైంది. బుషెహర్‌లోనూ కాకినాడలో వలెనే నీటి లోతు చాలక ఓడలు దూరంగా లంగరు వేసేవి. డాక్టరు పడవలో వెళ్లి ఓడెక్కి, ప్లేగు, కలరా, మశూచి లక్షణాలున్నాయేమో చూసి అనుమతిస్తేనే మనుషులు గానీ సరుకు గానీ ఒడ్డుకు వచ్చేవి. రోగాన్ని అడ్డుకోవడంలో ఆ డాక్టర్ల శ్రమను తక్కువ చేయనక్కరలేదు. కానీ తమ గడ్డ మీద ఎవరు కాలు పెట్టాలో పరాయి ప్రభుత్వపు ఉద్యోగి నిర్ణయించడం ఇరానీయులకు అవమానంగా తోచింది. 1928లో ఇరాన్ డాక్టర్లు ఆ బాధ్యత తీసుకున్నారు.

ప్రశ్న: కువైట్‌లో మా అబ్బాయితో పనిచేసే ఇరాన్ మిత్రుడు తన ముత్తాత గుర్తింపు పుస్తకం ఫొటో పంపాడు. ఊరు బుషెహర్, సంవత్సరం 1307 అని ఉంది. అది ఏ లెక్క? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: 1925లో ఇరాన్ ప్రభుత్వం సౌరమానపు హిజ్రీ పంచాంగాన్ని అధికారికం చేసింది. ఆ సంవత్సరానికి 621 కలిపితే మన వాడుక సంవత్సరం వస్తుంది. సంవత్సరాది మార్చి 21 ప్రాంతంలో వస్తుంది కనుక 1307 అంటే 1928 మార్చి నుంచి 1929 మార్చి వరకు. ఆ పుస్తకం కూడా 1925 నాటి చట్టం ఫలితమే. ఆ చట్టంతో జననాలు నమోదు చేయించుకోవడం, ఇంటిపేరు పెట్టుకోవడం దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. మన దగ్గర పుట్టుకలు, చావులు గ్రామ మునసబు రాసుకునేవాడు, ఇరాన్‌లో అందుకు ప్రభుత్వం వేరే కార్యాలయాలు పెట్టింది. నిర్బంధ సైనిక సేవ చట్టం కూడా 1925లోనే వచ్చింది. అందువల్ల కొడుకుల పేర్లు రాయించడానికి వెనుకాడిన కుటుంబాలు ఉండేవి, చాలామంది పెద్దవాళ్లకు ఆలస్యంగా పుస్తకాలు వచ్చాయి. మీరు పంపిన ఫొటోలో పుట్టిన సంవత్సరం వేరు, పుస్తకం ఇచ్చిన సంవత్సరం వేరు అయి ఉండవచ్చు. 1307 ఏ గడిలో ఉందో మీ అబ్బాయిని మరోసారి చూడమనండి.